బీ-స్ప్లైన్ ఉపరితలం మిల్లింగ్ చేస్తే పలకలు పలకలుగా వస్తోంది: లోపం ఏ మెట్టులో ఉందో ఎలా పట్టుకోవాలి?

వక్రరేఖ

నమస్కారమండీ. యూనివర్సిటీలో జ్యామితీయ డిజైన్, తయారీ పరిశోధన ల్యాబ్‌లో ఒక టెస్ట్ పార్ట్ మీద పని నడుస్తోంది. స్క్రీన్ మీద ఉపరితలం చక్కగా నునుపుగా ఉంది, లోహంలో మాత్రం అలా రావడం లేదు. వివరాలన్నీ ఇస్తున్నాను.

పార్ట్ 6061 అల్యూమినియం దిమ్మ, 180 × 120 మి.మీ. పై ముఖం రెండు దిశల్లోనూ మూడో డిగ్రీ బీ-స్ప్లైన్ (కంట్రోల్ పాయింట్లు లాగి ఆకారమిచ్చే నునుపైన గణిత ఉపరితలం). స్కాన్ చేసి తీసుకున్న 60 × 40 పాయింట్ల మీదుగా ఫిట్ చేసినది. మధ్యలో ఒక ఉబ్బు, దాని శిఖరం దగ్గర వంపు వ్యాసార్థం సుమారు 50 మి.మీ. పక్కన ఒక లోయ, అందులో కనిష్ఠ వ్యాసార్థం 12 మి.మీ. అంచుల దగ్గర వాలు 60 డిగ్రీల వరకు వెళ్తుంది.

మోడల్‌ని ఎస్‌టీఎల్‌గా (ఉపరితలాన్ని చిన్న త్రిభుజాలతో రాసే ఫైల్) 0.01 మి.మీ. టాలరెన్స్‌తో ఎక్స్‌పోర్ట్ చేసి, క్యామ్‌లోకి (టూల్ నడిచే దారి లెక్కించే సాఫ్ట్‌వేర్) తెచ్చి, అక్కడ కూడా 0.01 పెట్టాం. మెషిన్ మూడు యాక్సిస్‌ల వీఎంసీ (నిలువు స్పిండిల్ మిల్లింగ్ మెషిన్). ఫినిషింగ్ టూల్ 10 మి.మీ. వ్యాసం, రెండు ఫ్లూట్‌ల కార్బైడ్ బాల్‌నోజ్ (కొన అర్ధగోళంలా ఉండేది), హోల్డర్ నుంచి 60 మి.మీ. బయటికి ఉంది. 8000 ఆర్‌పీఎం, ఫీడ్ నిమిషానికి 2000 మి.మీ., ఫినిషింగ్‌కి వదిలిన లోహం 0.2 మి.మీ., స్టెప్‌ఓవర్ (పక్కపక్క పాస్‌ల మధ్య దూరం) 0.6 మి.మీ. ఎక్స్ దిశలో ముందుకీ వెనక్కీ జిగ్‌జాగ్ పాస్‌లు.

ఇబ్బందులు ఇవి. ఉబ్బు మీద దాదాపు 2 మి.మీ.కి ఒకటి చొప్పున పలకలు కనిపిస్తున్నాయి. గోరుతో గీస్తే తగలవు, లైటు కింద వంచి చూస్తే స్పష్టంగా తెలుస్తాయి. క్యామ్ టాలరెన్స్ 0.001కి బిగిస్తే అవి పోకపోగా ఇంకా పదునుగా కనిపించాయి, పైగా మెషిన్ జర్క్‌లు ఇస్తూ నడిచింది. రెండోది, శిఖరం మీద సుమారు రూపాయి బిళ్లంత మేర మసకగా, పూసినట్టు ఉంటోంది. మూడోది, సీఎంఎంలో (ప్రోబ్‌తో తాకి కొలిచే యంత్రం) ఉబ్బు మీద మైనస్ 0.01, లోయలో ప్లస్ 0.01, వాలు అంచుల్లో ప్లస్ 0.03 దాకా వస్తోంది.

ఎస్‌టీఎల్‌ని 0.0005కి తీసుకెళ్తే సరిపోతుందా? లేక లోపం ఇంకెక్కడైనా ఉందా?

మిల్లింగ్‌బెంచ్

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది: గోరుకి తగలదు, కంటికి కనిపిస్తుంది. కంటికి పట్టేది లోతు కాదు, కోణం. పక్కపక్క పలకల మధ్య కోణం మారితే, ప్రతిబింబం అంతకు రెట్టింపు కోణంలో తిరుగుతుంది. అందుకే లోతు పది మైక్రాన్లే అయినా మెరుపులో గీతలా దొరికిపోతుంది.

లెక్క చూడండి. వృత్తఖండం బదులు సరళరేఖ వేసినప్పుడు వచ్చే దోషం, రేఖ పొడవు వర్గాన్ని ఎనిమిది రెట్ల వ్యాసార్థంతో భాగిస్తే వస్తుంది. వ్యాసార్థం 50, దోషం 0.01 అయితే పొడవు సరిగ్గా 2 మి.మీ. మీకు కనిపిస్తున్న పలకల దూరం అదే. కాబట్టి ఉబ్బు మీద పలకలు ఎస్‌టీఎల్ త్రిభుజాలవే. రెండు పలకల మధ్య కోణం 2 ÷ 50, అంటే 0.04 రేడియన్లు, సుమారు 2.3 డిగ్రీలు. మెరిసే అల్యూమినియం మీద అది దాగదు.

ఇప్పుడు టాలరెన్స్ 0.0005కి తెస్తే పొడవు 0.45 మి.మీ., కోణం అర డిగ్రీ. టాలరెన్స్‌ని ఇరవయ్యో వంతు చేస్తే కోణం నాలుగున్నర రెట్లే తగ్గింది, ఎందుకంటే కోణం టాలరెన్స్ వర్గమూలంతో నడుస్తుంది. త్రిభుజాల సంఖ్య మాత్రం ఇరవై రెట్లు పెరుగుతుంది. బైనరీ ఎస్‌టీఎల్‌లో ఒక్కో త్రిభుజానికి 50 బైట్లు, పది లక్షల త్రిభుజాలంటే 50 ఎంబీ. ఇంత ఖర్చు పెట్టినా ఉపరితలం పలకలదే, పలక చిన్నదైందంతే. ఈ దారి వద్దు.

క్యామ్ టాలరెన్స్ బిగిస్తే ఎందుకు చెడిపోయిందంటే, 0.001 దగ్గర క్యామ్ మీ త్రిభుజాలనే మరింత నమ్మకంగా అనుసరించింది. పలక మీద బాల్ సరళరేఖలో 2 మి.మీ. వెళ్తుంది. అంచు రాగానే ఆ అంచు చుట్టూ దొర్లాలి. బాల్ వ్యాసార్థం 5, కోణం 0.04 కాబట్టి ఆ దొర్లుడు 0.2 మి.మీ. చిన్న వంపు. 0.01 టాలరెన్స్‌లో ఆ వంపు పూర్తిగా మాయమై కొంత నునుపైంది. 0.001లో అది ఒకటి రెండు చిన్న బ్లాకులుగా (ఒక్కో కదలికకి ఒక్కో వరుస) ప్రోగ్రాంలో కూర్చుంది. అంటే పొడవు బ్లాకు, రెండు పొట్టి బ్లాకులు, మళ్లీ పొడవు బ్లాకు. కంట్రోలర్ ప్రతి మలుపుకీ వేగం తగ్గించి పెంచుతుంది. మీరు చూసిన జర్క్‌లు అవే.

చేయాల్సింది: ఎస్‌టీఎల్‌ని పక్కన పెట్టి బీ-స్ప్లైన్‌ని బీ-స్ప్లైన్‌గానే క్యామ్‌లోకి పంపండి. స్టెప్ ఫైల్‌లో (మోడల్‌ని గణిత రూపంలోనే రాసే ఫైల్) నాట్ వెక్టర్ (స్ప్లైన్ ముక్కలు కలిసే చోట్ల జాబితా), కంట్రోల్ పాయింట్లు యథాతథంగా వెళ్తాయి. అయితే అక్కడితో పని అయిపోదు. కొన్ని క్యామ్ ప్యాకేజీలు స్టెప్ తీసుకుని లోపల మళ్లీ మెష్ (త్రిభుజాల వల) చేసుకుంటాయి. ఆ మెష్ టాలరెన్స్ ఎక్కడుందో సెట్టింగుల్లో వెతికి, టూల్‌పాత్ టాలరెన్స్‌లో నాలుగో వంతుకో ఐదో వంతుకో తగ్గించి పెట్టండి.

తర్వాత టూల్‌పాత్. బాల్ కేంద్రం తిరిగే వంపు వ్యాసార్థం 55. టాలరెన్స్ 0.005 అని మాత్రమే చెబితే పాయింట్లు 1.5 మి.మీ. దూరంలో పడతాయి, కోణం ఒకటిన్నర డిగ్రీలు. మెష్ లేకపోయినా పలకలు మళ్లీ వస్తాయి. అందుకే టాలరెన్స్ 0.002 పెట్టి, దాంతో పాటు పాయింట్ల మధ్య గరిష్ఠ దూరం 0.4 మి.మీ. అని కట్టడి చేయండి. అప్పుడు కోణం 0.4 డిగ్రీలు, దోషం అర మైక్రాన్ లోపే. మీ ఫీడ్ సెకనుకి 33 మి.మీ., కాబట్టి సెకనుకి 83 బ్లాకులు, ఒక్కో బ్లాకుకి 12 మిల్లీసెకన్లు. ఇది మోయలేని భారం కాదు. పాయింట్లు సమాన దూరంలో ఉండటం కంట్రోలర్‌కి చాలా మేలు చేస్తుంది.

పోస్ట్ ప్రాసెసర్‌లో (టూల్‌పాత్‌ని మెషిన్ కోడ్‌గా మార్చేది) దశాంశ స్థానాలు కూడా చూడండి, చాలామంది మర్చిపోయేది ఇదే. మూడు స్థానాలే రాస్తే ప్రతి పాయింటూ అర మైక్రాన్ దాకా అటూ ఇటూ జరుగుతుంది. బ్లాకు 0.4 మి.మీ. ఉంటే దాని వల్ల దిశ 0.14 డిగ్రీలు మారుతుంది, ఫర్వాలేదు. బ్లాకు 0.05 మి.మీ. అయితే డిగ్రీకి పైగా మారుతుంది. నునుపైన వంపు కంట్రోలర్‌కి రంపం పళ్లలా కనిపిస్తుంది. పాయింట్లు పెంచే కొద్దీ నునుపు పెరుగుతుందనేది ఇక్కడ తిరగబడుతుంది. కంట్రోలర్ ఒప్పుకుంటే నాలుగో ఐదో స్థానాలు రాయించండి.

ఆఖరున కంట్రోలర్ స్మూతింగ్ ఆన్ చేయండి. ఫానుక్‌లో జీ05.1 క్యూ1, సీమెన్స్‌లో సైకిల్832, హైడెన్‌హైన్‌లో సైకిల్ 32. ఆ ఆప్షన్ మీ మెషిన్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. స్మూతింగ్ టాలరెన్స్ టూల్‌పాత్ టాలరెన్స్ కంటే ఎక్కువ ఉండాలి. పాత్ 0.002 అయితే ఇక్కడ 0.005 నుంచి 0.01. తక్కువ పెడితే కంట్రోలర్‌కి మలుపులు గుండ్రం చేసే చోటు ఉండదు, మళ్లీ జర్క్‌లే.

నాట్‌వెక్టర్

పైన చెప్పినదంతా సరైనదే. కానీ మెష్ పలకలు పోయాక అసలు ఉపరితలంలోని అలలు బయటపడే ప్రమాదం ఉంది. 60 × 40 స్కాన్ పాయింట్ల మీదుగా ఫిట్ చేశామన్నారు. ప్రతి పాయింటు గుండా కచ్చితంగా వెళ్లేలా ఇంటర్‌పొలేట్ చేశారా, లీస్ట్ స్క్వేర్స్‌తో (దోషాల వర్గాల మొత్తం కనిష్ఠమయ్యేలా) ఫిట్ చేశారా? ఇంటర్‌పొలేషన్ అయితే 60 × 40 కంట్రోల్ పాయింట్లు, అంటే స్కానర్ గోల మొత్తం ఉపరితలంలో చేరిపోయినట్టే. పాయింట్ పది మైక్రాన్లు కదిలితే స్థానంలో తేడా పది మైక్రాన్లే, కానీ రెండో అవకలజంలో అది పాయింట్ల దూరం వర్గంతో భాగించబడి పెద్దదవుతుంది. వంపు ఊగిపోవడానికి కారణం అదే.

లీస్ట్ స్క్వేర్స్ ఫిట్‌ని 14 × 10 కంట్రోల్ పాయింట్లతో మొదలుపెట్టండి. ఫిట్ చేశాక దోషాల మ్యాప్ చూడండి. దోషం గుర్తులు ప్లస్ మైనస్‌లు కలగలిసి ఉంటే అది స్కానర్ గోల, వదిలేయండి. ఒకే గుర్తు ఒక ప్రాంతమంతా పరుచుకుని ఉంటే అక్కడ ఆకారం అందలేదు, ఆ ప్రాంతంలో మాత్రమే నాట్‌లు చేర్చండి. నాట్ చేర్చడం వల్ల ఉపరితలం ఆకారం మారదు, స్వేచ్ఛ మాత్రమే పెరుగుతుంది. ఆ తర్వాత మళ్లీ ఫిట్ చేయాలి.

పారామీటర్లు ఎలా ఇచ్చారన్నది కూడా ముఖ్యం. స్కాన్ పాయింట్ల మధ్య దూరాలు సమానంగా లేనప్పుడు సమాన పారామీటర్లు ఇస్తే దగ్గర పాయింట్ల దగ్గర వంపు పొంగి, ఒక్కోసారి మెలికే పడుతుంది. పాయింట్ల మధ్య దూరాన్ని బట్టి ఇచ్చే పద్ధతి మేలు. పదునైన మలుపులుంటే ఆ దూరాల వర్గమూలాన్ని బట్టి ఇచ్చేది ఇంకా మేలు.

ఇంకో మాట: మూడో డిగ్రీ స్ప్లైన్‌లో లోపలి నాట్ ఒక్కసారే ఉంటే అక్కడ వంపు కూడా కలుస్తుంది. అదే నాట్ రెండుసార్లు ఉంటే స్పర్శరేఖ కలుస్తుందనే హామీ మాత్రమే మిగులుతుంది. మూడుసార్లు ఉంటే స్థానం కలవడం తప్ప ఏ హామీ లేదు. ఫైల్ ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు ఉపరితలాన్ని బెజియే ముక్కలుగా (లోపలి నాట్‌లు లేని విడి ముక్కలు) విడదీసి రాసే అలవాటు కొన్నింటికి ఉంది. అప్పుడు ప్రతి నాట్ మూడుసార్లు కనిపిస్తుంది. ఆకారం అదే ఉంటుంది, కానీ క్యామ్ దాన్ని ముక్కలు ముక్కలుగా చూసి ప్రతి అతుకు దగ్గరా టూల్‌పాత్ పాయింటు వేస్తుంది. స్టెప్ ఫైల్‌ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే నాట్‌ల పునరావృతం జాబితా అంకెల్లోనే కనిపిస్తుంది. మొదట, చివర 4 ఉండాలి, మధ్యలో అన్నీ 1 ఉండాలి. మధ్యలో 3లు కనిపిస్తే అదనపు నాట్‌లు తీసేయండి.

లోహం కోయకముందే జీబ్రా చారలు (ఉపరితలం మీద చారల ప్రతిబింబం చూపే క్యాడ్ సాధనం) చూడండి. చార తెగితే స్పర్శరేఖ కలవలేదు. చార తెగకుండా విరిగినట్టు మలుపు తిరిగితే వంపు కలవలేదు. నునుపుగా సాగితే వంపు కలిసింది. అయితే డిస్‌ప్లే మెష్ మీద గీసిన చారలను నమ్మకండి. డిస్‌ప్లే నాణ్యత పూర్తిగా పెంచాకే చూడాలి, లేకపోతే స్క్రీన్ పలకల్ని ఉపరితలం తప్పు అనుకుంటారు.

వక్రరేఖ

చాలా ధన్యవాదాలండీ. స్టెప్ ఫైల్ తెరిచి చూశాను, మధ్యలో నిజంగానే 3లు ఉన్నాయి. ఫిట్ ఇంటర్‌పొలేషనే. రెండూ సరిచేస్తాను. మరి శిఖరం మీద మసక ఎందుకు? అక్కడ ఫీడ్ తగ్గించినా తేడా రాలేదు. స్టెప్‌ఓవర్ 0.6 సరిపోతుందా?

కట్టర్

ఫీడ్ తగ్గించి లాభం లేదు. అక్కడ సమస్య కోత వేగానిది. బాల్‌నోజ్ కొన అక్షం మీదే ఉంటుంది, అక్కడ కోత వేగం సున్నా. శిఖరం దగ్గర ఉపరితలం చదునుగా ఉంటుంది కాబట్టి కోసేది ఆ కొనే. అది లోహాన్ని కోయదు, నొక్కి రుద్దుతుంది. అల్యూమినియం కొనకి అంటుకుని, మళ్లీ ఉపరితలం మీద పూసుకుంటుంది. ఫీడ్ తగ్గిస్తే రుద్దడం ఇంకా ఎక్కువవుతుంది.

0.2 మి.మీ. లోతులో 10 మి.మీ. బాల్ నిజంగా కోసే గరిష్ఠ వ్యాసం 2.8 మి.మీ. మాత్రమే. లోతుని, వ్యాసంలోంచి లోతు తీసేయగా మిగిలినదానితో గుణించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేస్తే వస్తుంది. 8000 ఆర్‌పీఎంలో అది నిమిషానికి 70 మీటర్లు. 10 మి.మీ. వ్యాసానికి లెక్కేస్తే 251 వస్తుంది కదా, క్యాటలాగ్ చూసి ఆర్‌పీఎం పెట్టేవాళ్లు పొరబడేది ఇక్కడే. పార్ట్‌ని 15 డిగ్రీలు వంచితే కోసే వ్యాసం 5.2 మి.మీ., వేగం 130. అన్నింటికంటే ముఖ్యంగా, సున్నా వేగం ఉన్న కొన అక్కడ తుది ఉపరితలాన్ని తాకనే తాకదు.

మూడు యాక్సిస్‌ల మెషిన్ అయినా సైన్ ప్లేట్ (గేజ్ బ్లాకులతో కచ్చితమైన కోణానికి లేపే బల్ల) మీద దిమ్మని వంచి బిగించవచ్చు. 100 మి.మీ. సైన్ ప్లేట్‌కి 15 డిగ్రీలంటే 25.88 మి.మీ. గేజ్ బ్లాకులు. కానీ మీ పార్ట్ అంచుల్లో వాలు 60 ఉంది. అటువైపు వంచితే ఆ పక్క 75 అవుతుంది, టూల్ షాంక్ గానీ హోల్డర్ గానీ తగలొచ్చు. సిమ్యులేషన్‌లో హోల్డర్ కొలతలతో సహా చూసుకోండి. వంచడం కుదరకపోతే శిఖరం ప్రాంతాన్ని వేరే టూల్‌పాత్‌గా విడగొట్టి, ఆర్‌పీఎం మీ స్పిండిల్ అనుమతించినంత పెంచండి, లోపలి నుంచి బయటికి వెళ్లే స్పైరల్ వాడండి. మసక తగ్గుతుంది, పూర్తిగా పోదు.

స్టెప్‌ఓవర్ సంగతి. పాస్‌కీ పాస్‌కీ మధ్య మిగిలే గట్టు ఎత్తు, స్టెప్‌ఓవర్ వర్గాన్ని బాల్ వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే వస్తుంది. 0.36 ÷ 40 = 0.009 మి.మీ. చదునైన చోట ఇది బాగానే ఉంది. కానీ మీ 0.6 పై నుంచి చూసిన దూరం. పాస్‌లు ఎక్స్ దిశలో ఉన్నాయి కాబట్టి వై వైపు వాలే అంచుల్లో అసలు దూరం సాగిపోతుంది. 45 డిగ్రీల దగ్గర 0.85, గట్టు 18 మైక్రాన్లు. 60 డిగ్రీల దగ్గర 1.2, గట్టు 36 మైక్రాన్లు. మీరు చెప్పిన ప్లస్ 0.03 ఇక్కడి నుంచే వస్తోందని నా అనుమానం. ఎక్స్ వైపు వాలే అంచుల్లో ఈ సాగుడు ఉండదు. అక్కడా 0.03 వస్తుందా, వై వైపు మాత్రమేనా అన్నది చూడండి. గట్టు ఎత్తు స్థిరంగా ఉండేలా ఉపరితలం వెంట దూరం కొలిచే టూల్‌పాత్ వాడితే ఇది పోతుంది.

ఉబ్బు మీద గట్టు లెక్క కన్నా కాస్త పెరుగుతుంది, లోయలో తగ్గుతుంది. 9 మైక్రాన్ల గట్టుకి ఉబ్బు మీద 0.57 చాలు, 12 మి.మీ. లోయలో 0.79 దాకా వెళ్లొచ్చు. లోయకి పెద్ద బాల్ వేద్దామని మాత్రం ఆశపడకండి. బాల్ వ్యాసార్థం 12 దాటితే లోయ పక్క గోడల్ని తినేస్తుంది. కనిష్ఠ వ్యాసార్థానికి కాస్త దూరంగా, 8 మి.మీ. బాల్ వ్యాసార్థం దగ్గర ఆగడం నా సలహా.

జిగ్‌జాగ్ కూడా మానేయండి. ఒక పాస్ క్లైంబ్ (కోసే పళ్లు పార్ట్ కదిలే దిశలోనే తిరగడం), పక్క పాస్ కన్వెన్షనల్ (దానికి ఎదురు) అవుతుంది. టూల్ వంగే దిశ మారి, పాస్ విడిచి పాస్ రంగు తేడాగా కనిపిస్తుంది. ఒకే దిశలో క్లైంబ్ పాస్‌లు సమయం ఎక్కువ తీసుకుంటాయి, ఫినిషింగ్‌కి అది న్యాయమే.

కొలతబల్ల

సీఎంఎం అంకెల్ని మొత్తం ఒకే కారణానికి అంటగట్టకండి. గుర్తుల తీరు చదివితే మూడు నాలుగు కారణాలు విడివిడిగా కనిపిస్తాయి.

ఉబ్బు మీద మైనస్, లోయలో ప్లస్, రెండూ 0.01: ఇది ఎస్‌టీఎల్ ముద్ర. త్రిభుజం మూలలు ఉపరితలం మీదే ఉంటాయి, మధ్యభాగం ఉబ్బు అయితే లోపలికి, లోయ అయితే బయటికి పడుతుంది. ఎక్స్‌పోర్ట్ టాలరెన్స్ ఎంతో దోషం అంత. మెష్ తీసేస్తే ఇది మాయమవ్వాలి. మాయమవకపోతే సీఎంఎం పోల్చుతున్న నామమాత్రపు మోడల్ కూడా ఎస్‌టీఎలే అయ్యుంటుంది, అదీ చూడండి.

వాలు పెరిగే కొద్దీ ప్లస్ పెరగడానికి గట్లతో పాటు ఇంకో రెండు కారణాలున్నాయి. బాల్ నిజ వ్యాసార్థం ప్రోగ్రాంలో ఇచ్చినదాని కంటే తక్కువైతే, టూల్ పొడవు కొనతో సెట్ చేస్తారు కాబట్టి చదునులో తేడా సున్నా, 60 డిగ్రీల వాలులో ఆ లోటులో సగం మిగిలిపోతుంది. 0.02 లోటుకి 0.01 ప్లస్. టూల్‌ని లేజర్ సెట్టర్ మీదనో ప్రొఫైల్ ప్రొజెక్టర్ మీదనో కొలిచి నిజ వ్యాసార్థం ఇవ్వండి. రెండోది టూల్ వంగడం. 10 మి.మీ. కార్బైడ్ కడ్డీ 60 మి.మీ. బయటికి ఉంటే, కొన మీద పక్క నుంచి 50 న్యూటన్లకి సుమారు 12 మైక్రాన్లు వంగుతుంది. ఫ్లూట్‌లు ఉన్న భాగం ఇంకా బలహీనం కాబట్టి నిజంలో ఎక్కువే. 40 మి.మీ.కి తగ్గిస్తే మూడో వంతు కంటే తక్కువ, ఎందుకంటే పొడవు ఘనంతో పెరుగుతుంది. మీ పార్ట్ ఎత్తు ఒప్పుకుంటే టూల్‌ని లోపలికి తోయడమే అన్నింటికంటే చవకైన మందు.

ప్రోబ్ వైపు: కొలిచేటప్పుడు ప్రోబ్ ఉపరితలం లంబరేఖ వెంట రావాలి, స్టైలస్ వ్యాసార్థం సవరణ కూడా ఆ దిశలోనే జరగాలి. 2 మి.మీ. వ్యాసం బంతితో దిశ 10 డిగ్రీలు తప్పితే 15 మైక్రాన్ల దోషం. పై నుంచి నిలువుగా మాత్రమే తాకుతూ 60 డిగ్రీల వాలు కొలిస్తే ఆ అంకెలకి అర్థం లేదు. స్టైలస్ బంతి వ్యాసార్థం 1, బాల్ పాస్ వదిలిన గాడి వ్యాసార్థం 5, కాబట్టి బంతి గాడి అడుగుకి కూడా దిగుతుంది, గట్టు శిఖరాన్నీ తాకుతుంది. ఒకే చోట 0 నుంచి 36 మైక్రాన్ల వరకు ఏదైనా రావచ్చు. అక్కడ పాస్‌లకి అడ్డంగా 3 మి.మీ. మేర 0.1 మి.మీ. దూరంతో 30 పాయింట్లు తీసి గీయండి. గట్లు అలలా కనిపిస్తే కట్టర్ గారి అనుమానం నిజం.

అమరిక: ముందు దిమ్మ అడుగు, రెండు పక్క ముఖాలతో డేటమ్ (కొలతలకి ఆధారం) కట్టి ఒక రిపోర్ట్ తీయండి. తర్వాత బెస్ట్ ఫిట్‌తో (తేడాలు కనిష్ఠమయ్యేలా మోడల్‌తో సర్ది) రెండోది తీయండి. బెస్ట్ ఫిట్ ఒక్కటే చూస్తే జెడ్ సున్నా తప్పు, దిమ్మ వంపు లాంటివి కనిపించకుండా సర్దుకుపోతాయి. రెండింటి మధ్య తేడాయే సెటప్ దోషం.

ఉష్ణోగ్రత: కొలతల ప్రమాణం 20 డిగ్రీలు. అల్యూమినియం మీటరుకి డిగ్రీకి సుమారు 23 మైక్రాన్లు పెరుగుతుంది. 180 మి.మీ. దిమ్మ 5 డిగ్రీలు వేడిగా ఉంటే 20 మైక్రాన్లు. మెషిన్ మీద నుంచి తీసిన వెంటనే కొలవకండి, సీఎంఎం గదిలో రాత్రంతా ఉంచండి.

వక్రరేఖ

ఇన్ని మార్పులూ ఒకేసారి అసలు పార్ట్ మీద చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. దేన్నుంచి మొదలుపెట్టమంటారు? దీనికి ప్రత్యేకంగా టెస్ట్ పీస్ ఉండాలా?

మిల్లింగ్‌బెంచ్

ఉండాలి, అదీ జవాబు ముందే తెలిసిన ఆకారం అయ్యుండాలి. 60 × 60 మి.మీ. దిమ్మ మీద 50 మి.మీ. వ్యాసార్థం గోళపు గుమ్మటం కోయండి. వంపు మీ ఉబ్బు వంపే. అంచుల మధ్య బిందువులు శిఖరం కంటే 10 మి.మీ. కింద ఉంటాయి, మూలలు 23.5 మి.మీ. కింద, అక్కడ వాలు 58 డిగ్రీలు. మీ పార్ట్‌లోని అన్ని వాలులూ దాదాపు వచ్చేశాయి. సీఎంఎంలో గోళం ఫిట్ చేస్తే వ్యాసార్థం తప్పెంత, ఆకారం తప్పెంత అని రెండూ విడిగా వస్తాయి, మోడల్‌తో అమరిక గొడవే లేదు.

నాలుగు భాగాలు చేసి ఒక్కో దాంట్లో ఒక్క మార్పే చేయండి. మొదటిది ఎస్‌టీఎల్ 0.01. రెండోది స్టెప్, 0.01. మూడోది స్టెప్, 0.002, పాయింట్ల దూరం 0.4. నాలుగోది మూడోదే, స్మూతింగ్ ఆన్‌తో. నాలుగు చతుర్థాంశాలుగా మాత్రం చీల్చకండి. ఎక్స్ దిశలో పాస్ శిఖరం రేఖని దాటేటప్పుడే జెడ్ యాక్సిస్ పైకి వెళ్లడం ఆపి కిందికి తిరుగుతుంది. బ్యాక్‌లాష్ (యాక్సిస్ దిశ మారేటప్పుడు వచ్చే సందు) గానీ ఘర్షణ గానీ ఉంటే గీత అక్కడే పడుతుంది. చతుర్థాంశాల అంచు సరిగ్గా ఆ రేఖ మీద పడితే ఆ గీత దాగిపోతుంది. బదులుగా వై దిశలో 15 మి.మీ. వెడల్పు పట్టీలు నాలుగు చేయండి, ప్రతి పాసూ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రేఖని దాటుతూ వెళ్లాలి. నాలుగు పట్టీల్లోనూ ఒకే చోట నిలువు గీత వస్తే అది మెషిన్‌ది, మోడల్‌ది కాదు.

గీతల్ని ఇలా చదవండి. పక్కపక్క పాస్‌లలో వరుసగా కలిసి, త్రిభుజాల ఆకారంలో కనిపిస్తే మెష్. పాస్ పాస్‌కీ చోటు మారుతూ ఉంటే టూల్‌పాత్ పాయింట్లు. ఇంకా అనుమానం ఉంటే ఫీడ్‌ని సగం చేసి కోయండి. గీతల దూరం మారకపోతే అది జ్యామితి. దూరం కూడా సగమైతే కంపనం. కంపనమైతే ఫీడ్‌ని గీతల దూరంతో భాగించండి: సెకనుకి 33 మి.మీ. ఫీడ్‌లో 0.25 మి.మీ. దూరం అంటే 133 హెర్ట్జ్, 8000 ఆర్‌పీఎం అంటే కూడా సరిగ్గా 133. అలా కలిస్తే టూల్ రన్‌అవుట్ (టూల్ అక్షం పక్కకి తప్పి తిరగడం) చూడండి, రెండు ఫ్లూట్‌లలో ఒకటే కోస్తోందని అర్థం.

నాట్‌వెక్టర్

ఒక్క జాగ్రత్త. ఆ గోళాన్ని మామూలు బీ-స్ప్లైన్‌తో ఫిట్ చేసి పంపకండి. బహుపది స్ప్లైన్ గోళానికి దగ్గరగా వస్తుంది తప్ప కచ్చితంగా రాదు. బరువులున్న నర్బ్స్‌గా (ప్రతి కంట్రోల్ పాయింటుకీ ఒక బరువు ఉండే స్ప్లైన్) అయితే కచ్చితంగా వస్తుంది. క్యాడ్‌లో గోళం కమాండ్‌తో గీసి స్టెప్‌లో పంపితే అది గోళంగానే, వ్యాసార్థం అంకెతో సహా వెళ్తుంది. అయితే అప్పుడు క్యామ్ దాన్ని స్ప్లైన్‌గా కాక గోళంగా గుర్తించి వేరే దారిలో టూల్‌పాత్ వేయొచ్చు, మీరు పరీక్షించాలనుకున్న దారి అది కాదు. కాబట్టి ఎక్స్‌పోర్ట్‌కి ముందు నర్బ్స్‌గా మార్చే ఆప్షన్ పెట్టి, ఫైల్ తెరిచి బరువుల జాబితా ఉందని చూసుకోండి.

మిల్లింగ్‌బెంచ్

అవును, అది చెప్పడం మరిచాను. పట్టీల మధ్య 1 మి.మీ. వెడల్పు, 0.5 మి.మీ. లోతు గాడి కూడా తీయండి. ఏ పట్టీ ఎక్కడ ముగిసిందో సీఎంఎం మీద తేల్చుకోవడానికి అది పనికొస్తుంది.